గాలం కర్రపై నిండు రంగు: తెల్లపొడి మాయమయ్యే లెక్క

పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేటలోని ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపం సుమారు 7.4 కోట్ల టన్నులని అంచనా. ఒకేచోట ఇంత బెరైటీస్ ప్రపంచంలో మరెక్కడా లేదు. రాష్ట్ర ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ తవ్వి తీసే ఈ రాయిలో అధిక భాగం చమురు బావులకు పోతుంది. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు కాబట్టి, బావి తవ్వేటప్పుడు అడుగునుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అణిచే బురదలో ఈ పొడిని కలుపుతారు. మంగంపేట రాయి ఎక్కువగా బూడిద రంగులో ఉంటుంది. తెల్లటి రకాలు మాత్రం రంగుల ఫ్యాక్టరీల దారి పడతాయి.

ఆ తెల్లటి రకం పొడిని చెంచాడు తీసుకుని, చేపల గాలం కర్రలకు పూసే ఎపాక్సీలో కలిపి చూడండి. పాలలా తెల్లని పూత వస్తుందనుకుంటాం. వచ్చేది మసక గాజు లాంటి పూత. దాని వెనకున్న నల్ల కర్ర నల్లగానే కనిపిస్తుంది. మరో చెంచాడు కలిపితే పూత చిక్కబడుతుంది గానీ తెల్లబడదు. పొడి ఎక్కడికీ పోలేదు, దాని తెలుపే పోయింది.

గాలం కర్రను సొంతంగా కట్టుకుని, పిడి పైభాగాన రంగుల చారలు, పాలరాతి మెలికలు, ముత్యపు మెరుపులు వేసుకోవడం అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఎప్పటినుంచో ఉన్న అభిరుచి. కార్బన్ కర్రలు, రెండు సీసాల (రెసిన్, హార్డ్‌నర్) ఎపాక్సీ, రంగు పొడులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే మన ఊరికీ వస్తున్నాయి. గాలం వేయడానికి చోటు కరువేం లేదు. వానకు మొహం వాచిన రాయలసీమే అయినా సుంకేసుల, శ్రీశైలం వెనుక జలాలు, 16.95 టీఎంసీల వెలుగోడు, అవుకు, 26.85 టీఎంసీల గండికోట, మైలవరం ఉన్నాయి. బొచ్చె, రోహు, వాలుగ, కొర్రమీను ఉన్నాయి. చేపకు కర్ర రంగుతో పనిలేదు, ఎర కనిపిస్తే చాలు. రంగు పట్టుకున్నవాడి ముచ్చట కోసం. ఆ ముచ్చట తీరనివాళ్లు సాధారణంగా చేసే పని, రంగు చాలలేదని ఇంకాస్త పొడి కలపడం. లెక్క చూస్తే అది ఉల్టా దారి. నిండు రంగు పొడి పరిమాణం వల్ల రాదు. లోపలికి వెళ్లిన కాంతికి తిరిగి వచ్చే దారి చూపిస్తే వస్తుంది.

1.64: తెలుపు ఎందుకు పోయింది?

తెల్లపొడిలో తెల్లరంగంటూ ఏమీ ఉండదు. ముగ్గురాయి స్ఫటికం ఒక్కటే అయితే గాజులా కాంతిని వదిలేస్తుంది. పొడి చేసినప్పుడు లక్షల అంచులు ఏర్పడి, ప్రతి అంచు దగ్గరా కొంత కాంతి వెనక్కి తుళ్లుతుంది. అన్ని రంగుల కాంతీ సమానంగా వెనక్కి వస్తే కంటికి తెలుపు. ఎంత తుళ్లుతుందన్నది రెండు పదార్థాల వక్రీభవన గుణకాల తేడాను బట్టి ఉంటుంది. గాలికి ఇది 1.00, నీటికి 1.33, ఎపాక్సీకి సుమారు 1.55, ముగ్గురాయికి సుమారు 1.64. రంగుల పరిశ్రమ తెలుపు కోసం వాడే టైటానియం డయాక్సైడ్ రూటైల్ రకానికి సుమారు 2.7.

నిటారుగా పడిన కాంతికి సూత్రం తేలిక. రెండు గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. ఒక్కో అంచు దగ్గర వెనక్కి వచ్చే వాటా ఇలా తేలుతుంది:

గాలిలో ముగ్గురాయి: 5.9 శాతం
నీటిలో ముగ్గురాయి: 1.1 శాతం
ఎపాక్సీలో ముగ్గురాయి: 0.08 శాతం
ఎపాక్సీలో టైటానియం డయాక్సైడ్: 7.3 శాతం

పొద్దున్నే కళ్లాపి చల్లిన తడి వాకిట్లో వేసిన ముగ్గు మొదట వెలవెలబోయి, నేల ఆరేకొద్దీ తెల్లగా తేలడం ఈ పట్టికలోని మొదటి రెండు అంకెల పనే. ఎపాక్సీ నీటికంటే ఒక అడుగు ముందుకేసి, ఆ తెలుపును దాదాపు పూర్తిగా మింగేస్తుంది. పైగా నీరు ఆరిపోతుంది, ఎపాక్సీ గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. చివరి రెండు అంకెలను పోల్చితే టైటానియం డయాక్సైడ్ అంచు సుమారు 90 రెట్లు ఎక్కువ కాంతిని తిప్పి పంపుతోంది. నిజానికి అతి చిన్న రేణువుల దగ్గర కాంతి ఇంతకంటే చిక్కుగా ప్రవర్తిస్తుంది గానీ, దేని సత్తా ఎంతో తెలియడానికి ఈ లెక్క చాలు.

అలాగని ముగ్గురాయి దండగ కాదు. నూనెను, రెసిన్‌ను తక్కువ పీల్చుకుంటుంది కాబట్టి పూతను పొడిబార్చదు, నునుపు చెడగొట్టదు. టైటానియం రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా మధ్యలో ఎడం పెట్టడానికి, ప్రైమర్లకు ఒళ్లు రావడానికి రంగుల కంపెనీలు దీన్ని వాడతాయి. రంగు ఇవ్వడం దాని పని కాదు, ఇచ్చేదానికి చోటు చూపడం దాని పని.

1.53: దారం నల్లబడే చోట

గాలం కర్రకు రింగులు బిగించేది దారం చుట్లతోనే. చుట్టినప్పుడు ఎర్రదారం ఎర్రగా, పచ్చదారం పచ్చగా కళకళలాడుతుంది. ఎపాక్సీ తగలగానే రంగు దిగిపోయి, కింద ఉన్న కర్ర నలుపు పైకి తేలుతుంది. కొత్తగా కర్ర కట్టినవాళ్లు గుండె జారిపోయేది ఇక్కడే. దారం రంగు వదిలిందనుకుంటారు. వదల్లేదు. నైలాన్ గుణకం సుమారు 1.53. ఎపాక్సీది 1.55. పోగుల మధ్య ఉన్న గాలిని రెసిన్ నెట్టేసి తాను చేరగానే అంచులన్నీ చెరిగిపోయాయి. పట్టుదీ ఇంచుమించు అదే స్థాయి. పాతకాలపు వెదురు కర్రల మీద తెల్ల పట్టుదారం చుట్టి వార్నిష్ పూస్తే, దారం గాజులా మారి కింద వెదురు కనిపించేది. ఆ పని తెలిసినవాళ్లు దాన్ని కావాలనే చేసేవారు.

వద్దనుకుంటే రెండు దారులు. ఒకటి, ఎపాక్సీకి ముందే దారాన్ని నీళ్లలో కలిసే అక్రిలిక్ పూతతో మూసేయడం. రంగు కాపాడే పూత పేరుతో ఇది విడిగా దొరుకుతుంది. రెండు, పోగులోనే అపారదర్శక రంగు నింపిన దారం వాడటం. మొదటి దారిలో ఒక చిక్కుంది. ఆ పూత దారంలోకి ఎపాక్సీని దిగనివ్వదు కాబట్టి పట్టు కొంత తగ్గుతుంది. బరువు లాగే రింగు దగ్గర పోగుకే రంగున్న దారం, కేవలం అందం కోసం వేసే చుట్ల దగ్గర పూత. ఈ పంపకం బాగా కుదురుతుంది.

57.6, 3.2: కింద తెలుపు, కింద నలుపు

కార్బన్ కర్ర నల్లది. దాని మీద మంచి ఎర్ర ఎపాక్సీ పూస్తే వచ్చేది ఎండిన నెత్తుటి రంగు. ఎందుకో చిన్న గుణకారం చెబుతుంది.

మన ఎర్ర పూత ఒకసారి దాటే ఎర్రకాంతిలో 80 శాతాన్ని, ఆకుపచ్చ కాంతిలో 10 శాతాన్ని వదులుతుందనుకుందాం. కాంతి పూతను రెండుసార్లు దాటాలి, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. కింద 90 శాతం కాంతిని తిప్పి పంపే తెల్ల పూత ఉంటే, తిరిగొచ్చే ఎర్రకాంతి 0.8 × 0.9 × 0.8, అంటే 57.6 శాతం. ఆకుపచ్చ 0.9 శాతం. కంటికి నిప్పుకణికలాంటి ఎరుపు. కింద 5 శాతమే తిప్పి పంపే కార్బన్ నలుపు ఉంటే ఎరుపు 3.2 శాతానికి పడిపోతుంది. అదే పొడి, అదే చేయి, అదే ఖర్చు. 18 రెట్ల తేడా.

ఇప్పుడు అసలు పొరపాటు చూద్దాం. చాలలేదని తెలుపు మీదే రెండో ఎర్ర పూత వేస్తే ఎర్రకాంతి నాలుగుసార్లు పూత దాటాలి. 57.6 కాస్తా 36.9 శాతానికి దిగుతుంది. ఎరుపు కాస్త చిక్కనవుతుంది గానీ వెలుగులో మూడోవంతుకు పైగా పోతుంది. మూడో పూతతో 24 శాతం దగ్గరికి వస్తుంది. చిక్కదనాన్ని నిండుదనం అనుకుని రంగును మసకలోకి తోసుకుంటూ పోవడమే ఇదంతా.

ఇంకొకరు తెలుపును కింద వేయకుండా ఎరుపులోనే కలుపుతారు. అప్పుడు కాంతి పూత పైపొరల్లోనే తెల్ల రేణువుకు తగిలి, రంగులో మునగకముందే వెనక్కి వచ్చేస్తుంది. ఆకుపచ్చ, నీలం కూడా దాంతోపాటే వస్తాయి. ఎరుపు గులాబీ అవుతుంది, నీలం ఆకాశం రంగు అవుతుంది. ఆ లేతరంగులే కావాలంటే సరే. నిండు రంగు కావాలంటే తెలుపు కింద, పారదర్శక రంగు పైన. ఈ వరస మారకూడదు.

కింద తెలుపు చాలిందా లేదా అన్నది తేల్చడానికి రంగుల పరిశ్రమకు ఒక కొలత ఉంది. నలుపు మీద, తెలుపు మీద ఒకే పూత వేసి, నలుపు మీది వెలుగును తెలుపు మీది వెలుగుతో భాగిస్తారు. 0.98 వస్తే పూర్తిగా కప్పినట్టు. ఇంట్లో పరికరం ఉండదు. కర్ర మీద ఒకచోట వెండి మార్కర్‌తో గీత గీసి, తెల్ల పూతలు వేసుకుంటూ పోవాలి. గీత ఆనవాలు పోయినప్పుడు ఆపాలి. పల్చని పూతలు రెండు మూడు పడతాయి.

0.25: పొడి ఎంత మెత్తగా ఉండాలి?

మన కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. కాంతిని బాగా చెదరగొట్టాలంటే రేణువు అందులో సగం దగ్గర ఉండాలి. అందుకే టైటానియం డయాక్సైడ్‌ను 0.2 నుంచి 0.3 మైక్రాన్ల మధ్య తయారుచేస్తారు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. దాని అడ్డకోతలో 0.25 మైక్రాన్ల రేణువులు 280 వరకు వరసగా పడతాయి.

ఇనుప ఆక్సైడ్ ఎరుపులో ఈ సంగతి కంటికే తెలుస్తుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం కేతవరంలో, కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంటలో రాతి గూళ్ల మీద ఆదిమానవులు గీసిన ఎర్ర బొమ్మల రంగు ఇనుప మన్నుదే. పల్లెల్లో గోడ అడుగున, అరుగు అంచున పట్టీగా పూసే జాజులోనూ ఉన్నది అదే. హెమటైట్ గుణకం టైటానియం డయాక్సైడ్ కంటే కూడా ఎక్కువ. రేణువు 0.1 మైక్రాన్ దగ్గర ఉంటే నారింజ వైపు మొగ్గే ఎరుపు, 0.7 దాటితే ఊదా వైపు మొగ్గే ఎరుపు. పదార్థం ఒక్కటే, రంగు మార్చింది సైజు. ఇంకా కిందికి దిగి 0.01 నుంచి 0.05 మైక్రాన్ల సూదుల్లా తయారుచేస్తే అదే ఇనుప ఆక్సైడ్ కాంతిని చెదరగొట్టడం మానేసి పారదర్శకమవుతుంది. తెల్ల పూత మీద దాన్ని వేస్తే తేనెరంగు లోతుగా వెలుగుతుంది.

జాజునే తెచ్చి నూరి కలిపితే కాదా? కలపొచ్చు. కానీ మన్నులో బంకమట్టి, ఇసుక ఉంటాయి. రెండింటి గుణకమూ 1.55 పక్కనే కాబట్టి ఎపాక్సీలో అవి కనిపించవు, పూతను గరుకు మాత్రం చేస్తాయి. 325 మెష్ జల్లెడ పట్టినా దిగేది 45 మైక్రాన్ల రేణువు. అంటే కావలసినదానికి వంద రెట్లకు పైగా పెద్దది. నీళ్లలో కలిపి, బరువు రేణువులు కిందికి దిగాక పైతేటను వేరే గిన్నెలోకి వంచి ఆరబెడితే సన్నపొడి దక్కుతుంది. పచ్చమన్నును 250 నుంచి 300 డిగ్రీల వేడిలో ఉంచితే అది ఎర్రబడటం కూడా చూడొచ్చు. అందులోని గోథైట్ తన బరువులో పదో వంతు నీటిని వదిలి హెమటైట్ అవుతుంది. ఇలా చేసిన రంగు మట్టివాసన ఉన్న అందమైన ఎరుపే. కార్బన్ కర్ర మీద కుంకుమలా వెలగాలంటే మాత్రం ఫ్యాక్టరీ పొడి కావాలి.

ముత్యపు మెరుపు దారి వేరు. అక్కడ చెదరడం కాదు, అద్దంలా తిప్పి కొట్టడం కావాలి. అందుకని 10 నుంచి 60 మైక్రాన్ల వెడల్పున్న అభ్రకం రేకుల మీద 40 నుంచి 160 నానోమీటర్ల మందాన టైటానియం డయాక్సైడ్ పొర వేస్తారు. పొర పల్చగా ఉంటే వెండి, మందం పెరిగేకొద్దీ బంగారం, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. రంగు పదార్థమేమీ లేదు, పొర మందమే రంగు. పక్కనున్న నెల్లూరు సీమలో గూడూరు గనుల వల్ల మనకు బాగా తెలిసిన కాకిబంగారమే ఈ అభ్రకం. ముత్యపు మెరుపుకు తెల్ల పూత పనికిరాదు. తెలుపు నుంచి వచ్చే వెలుగులో మెరుపు మునిగిపోతుంది. నల్ల కార్బన్ కర్ర మీదే ముత్యపు రంగు నాట్యమాడుతుంది. కర్ర నలుపు ఒక రంగుకు శత్రువు, ఇంకోదానికి చుట్టం.

5 శాతం: ఎంత కలపాలి, ఎంత ఖర్చు?

కర్ర మీద అలంకరణ భాగం 30 సెంటీమీటర్లు, సగటు మందం 1 సెంటీమీటరు అనుకుందాం. చుట్టూ ఉపరితలం 94 చదరపు సెంటీమీటర్లు. 0.3 మిల్లీమీటర్ల పూతకు పట్టేది 2.8 మిల్లీలీటర్ల ఎపాక్సీ, బరువులో సుమారు 3.1 గ్రాములు. ఎపాక్సీలో రంగు పొడి సాధారణంగా బరువులో 5 శాతం దాటకుండా చూస్తారు. అంటే 0.16 గ్రాము. వేలికొనతో తీసిన చిటికెడు.

రెసిన్, హార్డ్‌నర్ సమపాళ్లలో కలిపే రకాల్లో మరీ తక్కువ కలిపితే కొలత తప్పుతుంది. 3 మిల్లీలీటర్ల సిరంజితో చెరొకటి తీస్తే, గీత మీద చిన్న తేడా వచ్చినా నష్టం లేదు. ఆ 6 మిల్లీలీటర్లకు పొడి 0.33 గ్రాము. కిలో 3,000 రూపాయలు పలికే ఖరీదైన పొడి అనుకున్నా కర్రకు పడేది ఒక్క రూపాయి. నాసిరకం పొడి కొని మిగిల్చేది పైసల్లోనే.

5 శాతం మీద పోతే రేణువులు గుంపుకట్టి ఒకదాని నీడలో ఒకటి పడతాయి. పూత పెళుసుబారుతుంది. నీటి రంగో, నూనె రంగో కలిపితే ఇంకా ముప్పు, ఎపాక్సీ జిగటగానే మిగిలిపోతుంది. పొడిని రెండూ కలిపిన మిశ్రమంలో వేయకూడదు. ముందు రెసిన్‌లోనే వేసి, గాజు పలక మీద చాకుతో అదిమి అదిమి నూరాలి. గట్టి వెలుగులో ఒక చుక్కను పల్చగా లాగి చూస్తే నలుసులు కనిపించకూడదు. ఎంతసేపైనా నిదానంగా నూరుకోవచ్చు, ఎందుకంటే హార్డ్‌నర్ పడేదాకా గడియారం తిరగదు.

10 డిగ్రీలు: మే నెల కర్నూలులో

హార్డ్‌నర్ పడ్డాక మాత్రం గడియారం పరుగే. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. 25 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు పూతకు పనికొచ్చే మిశ్రమం 35 దగ్గర 15 నిమిషాలే, 45 దగ్గర ఏడున్నర నిమిషాలే. వేసవిలో కర్నూలు, కడపల్లో 42 డిగ్రీలు దాటడం మామూలే. సీసా మీద రాసిన సమయం చల్లని గదికి రాసినది. మధ్యాహ్నం రేకుల షెడ్డులో కూర్చుని దాన్ని నమ్మితే, రంగు మెలికలు తిప్పుతుండగానే చేతిలో ముద్ద అవుతుంది. కలిపినదాన్ని గిన్నెలో లోతుగా వదిలేస్తే తన వేడికి తానే ఇంకా వేగంగా బిగుస్తుంది. అల్యూమినియం రేకు మీద పల్చగా పరిస్తే నిలుస్తుంది. తెల్లవారుజామున కలపడం అన్నిటికంటే మేలు.

వేడి మరో పనీ చేస్తుంది, రెసిన్‌ను పల్చన చేస్తుంది. ఆముదం చిక్కదనం 20 డిగ్రీల దగ్గర సుమారు 1 పాస్కల్-సెకండు. 40 డిగ్రీలకు అది నాలుగో వంతుకు పడిపోతుంది. గాలం కర్రల ఎపాక్సీ కూడా ఆ బాపతే. చిక్కదనం 1 ఉన్నప్పుడు 0.3 మైక్రాన్ల టైటానియం రేణువు గంటకు అర మైక్రాన్ దిగుతుంది. అది లెక్కలోకి రాదు. 30 మైక్రాన్ల అభ్రకాన్ని గోళీ ఆకారంలో ఊహిస్తే గంటకు 3 మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది. రేకు గోళీకంటే నెమ్మదిగా దిగుతుంది గానీ, పూత మందమే 0.3 మిల్లీమీటరు. అందుకే పూత పూశాక కర్రను చిన్న మోటారుకు తగిలించి నిమిషానికి పదీ ఇరవై చుట్ల వేగంతో కొన్ని గంటలపాటు తిప్పుతూ ఉంచుతారు. మెరుపు పొడి ఒకవైపు పేరుకోదు, ఎపాక్సీ బొట్టుగా వేలాడదు.

తేమ ప్రాంతాల్లో వాన, చెమ్మ పెట్టే ఇబ్బంది ఇక్కడ తక్కువ. చెమ్మగాలిలో కొన్ని హార్డ్‌నర్లు పూత మీదికి మైనంలాంటి పొర వదులుతాయి. దాంతో మెరుపు పోతుంది. సీమ పొడిగాలి ఆ బాధ చాలావరకు తప్పిస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం పని ఆపుకోవడం మంచిది.

4.65: కడప బండ చెప్పే రహస్యం

వంటింటి గట్టుకు పరిచే కడప నల్లబండను గమనించండి. గరుకుగా ఉన్న వెనకవైపు బూడిద రంగు. పాలిష్ పట్టిన ముందువైపు నిగనిగలాడే నలుపు. వాడగా వాడగా పైభాగం వెలిసి తెల్లబారితే ఇంట్లో ఆడవాళ్లు నూనెగుడ్డతో తుడుస్తారు, మళ్లీ నలుపు తిరుగుతుంది. రాయి రంగు ఎప్పుడూ మారలేదు. మారింది పైన తగిలి వెనక్కి వచ్చే కాంతి దారి.

ఎపాక్సీ పూత పైభాగం నుంచి 4.65 శాతం కాంతి లోపలికి పోకుండానే వెనక్కి వస్తుంది. ఆ కాంతికి రంగు ఉండదు. పైభాగం అద్దంలా ఉంటే ఆ 4.65 ఒకే దిక్కుకు పోతుంది, కర్రను కాస్త తిప్పితే కంటికి తగలదు. పైభాగం గరుకైతే అన్ని దిక్కులకూ చెదిరి, ఎటు చూసినా తెల్లటి ముసుగులా పరుచుకుంటుంది. 57.6 శాతం వెలిగే ఎరుపుకు అది పెద్ద దెబ్బ కాదు. 5 శాతమే వెలిగే ముదురు నీలానికి మాత్రం కంటికి చేరే వెలుగులో దాదాపు సగం ఈ రంగులేని కాంతే అవుతుంది. ముదురు రంగులు గీతలు పడగానే ముసలివైపోవడానికి కారణం ఇదే. రంగు పొర మీద రంగు కలపని ఎపాక్సీ ఒకటి రెండు పూతలు వేయడం ఇందుకే. అది పైమెరుగు కాదు, రంగులో భాగమే.

8: ఎండలో నిలిచేదేది?

ఓర్వకల్లు ప్రాంతంలోనే గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారంటే ఇక్కడి ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఎండలోనే కర్ర గట్టు మీద గంటలు గంటలు పడి ఉంటుంది.

రంగు ఎండకు ఎంత నిలుస్తుందో 1 నుంచి 8 వరకు ఉన్న బ్లూ వూల్ కొలతతో చెబుతారు. ఒక్కో మెట్టు ఎక్కితే వెలవడానికి పట్టే కాలం ఇంచుమించు రెట్టింపు. 3వ మెట్టు రంగు ఒక నెలలో వెలిస్తే, 8వ మెట్టుది 32 నెలలకు అంత వెలుస్తుంది. ఇనుప ఆక్సైడ్లు 8 దగ్గర ఉంటాయి, కేతవరం గోడ దానికి సాక్షి. థాలోసయనిన్ నీలం, ఆకుపచ్చలు, క్వినాక్రిడోన్ ఎరుపులు 7, 8 మెట్ల మీద నిలుస్తాయి. కళ్లు మిరుమిట్లు గొలిపే నియాన్ రంగులు అడుగు మెట్ల మీదే ఉంటాయి. కొన్నరోజు వాటిని మించినవి లేవు, రెండో వేసవికి అవి ఉండవు.

నీలం విషయంలో మన ప్రాంతానికి సొంత చరిత్ర ఉంది. 19వ శతాబ్దిలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు సాగుకు కడప, కర్నూలు పేరున్న జిల్లాలు. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిమందును మార్కెట్లోకి తెచ్చాక ఆ సాగు పడిపోయింది. గుడ్డకు పట్టే ఆ నీలం ఎండకు మెల్లగా లొంగేదే. 1928లో స్కాట్లండ్‌లోని ఒక రంగుల ఫ్యాక్టరీలో పాత్ర పగులులో అనుకోకుండా కనబడిన నీలి పదార్థం వెంట పడి, 1935లో మొనాస్ట్రల్ బ్లూ పేరుతో థాలో నీలాన్ని అమ్మకానికి పెట్టారు. ఎపాక్సీలో పారదర్శకంగా ఉంటూ, తెల్ల పూత మీద 1 శాతం లోపు పొడితోనే నిండిపోయే నీలం ఇది. 5 శాతం వేస్తే దాదాపు నల్లగా కనిపిస్తుంది. పొడి తగ్గిస్తే రంగు పెరగడాన్ని కళ్లారా చూడాలంటే దీంతోనే మొదలుపెట్టాలి.

రంగు నిలిచినా ఎపాక్సీ నిలవాలి. ఎండకు అది పసుపుబారుతుంది. పసుపు ముసుగు కింద తెలుపు మీగడ రంగవుతుంది, నీలం ఆకుపచ్చ వైపు జారుతుంది. ఎరుపు, బంగారం రంగులు ఆ మార్పును దాచుకుంటాయి. పైపూతకు అతినీలలోహిత కిరణాలను ఆపే రకం తీసుకోవడం, పని లేనప్పుడు కర్రను గుడ్డ సంచిలో పెట్టడం తప్ప దీనికి మందు లేదు.

ఏది ముందు, ఏది వెనక?

ఇప్పటిదాకా వచ్చిన అంకెలను ఖర్చు వరసలో పెడితే చేయాల్సిన పని తేటగా కనిపిస్తుంది. రంగు పొడికి రూపాయి పడుతుంది కాబట్టి బేరం అక్కడ వద్దు. పసుపు, నారింజ రంగుల్లో సీసం క్రోమేట్ లేనిదే అడిగి తీసుకోవాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. విడిగా అమ్మే పొడికి ఆ పరిమితికి లోబడినట్టు ముద్ర ఉండకపోవచ్చు. చేతులకు నైట్రైల్ తొడుగులు, పొడి తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఎపాక్సీ ఒకసారి చర్మానికి పడకపోతే, ఆ తర్వాత ప్రతిసారీ దురద తెస్తుంది.

సమయమంతా రెండు చోట్ల పెట్టాలి. మొదటిది తెల్ల పూత. వెండి గీత మాయమయ్యేదాకా, ప్రతి పూత మధ్యా నీటి కాగితంతో రుద్దుతూ పోవాలి. రెండోది పైన వేసే రంగులేని పూత. ఈ రెంటి మధ్యలో ఉండే రంగు పొర పల్చగా, ఒక్కటే ఉండాలి. ముత్యపు రంగైతే తెలుపు మానేసి కర్ర నలుపునే వాడుకోవాలి. దారం చుట్ల దగ్గర బరువు లాగే చోటేదో, అందం కోసం చుట్టిన చోటేదో ముందే తేల్చుకోవాలి.

ఇన్ని చేసినా రంగు చాలలేదనిపిస్తే పొడి డబ్బా వైపు చూడకండి. ఒక అట్టముక్క మీద సగం తెలుపు, సగం నలుపు పూసి, అడ్డంగా మీ మిశ్రమాన్ని ఒక్క గీత లాగండి. తెలుపు మీద బాగుండి, నలుపు మీద చచ్చిపోతే తప్పు కర్ర మీది తెల్ల పూతది. రెండిటి మీదా మసకగా ఉంటే నూరడం చాలలేదు. తెలుపు మీద కూడా నల్లబడితే పొడి ఎక్కువైంది, సగానికి తగ్గించండి.